డాలస్ ఒకప్పుడు వేరే దేశం

మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అమెరికాలో ఉన్నవాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారో ఒకసారి లెక్కేయండి. పెదనాన్న కొడుకు డాలస్. బీటెక్ రూమ్మేట్ షార్లెట్. పిన్ని కూతురు అట్లాంటా. ఎవరో ఒకరు తప్పకుండా వర్జీనియాలోని ఆష్‌బర్న్. న్యూజెర్సీ, బే ఏరియా వాళ్లని పక్కనపెడితే, మనవాళ్లు బాగా కనిపించే ఈ నాలుగు రాష్ట్రాలూ, అంటే టెక్సాస్, నార్త్ కరొలైనా, జార్జియా, వర్జీనియా, 1861లో అమెరికాలోంచి బయటికెళ్లిపోయినవే. వేరే రాజ్యాంగం, వేరే ప్రెసిడెంటు, వేరే నోట్లు. మీ అన్నయ్య ఇప్పుడు ఈఎంఐ కడుతున్న ఇంటి కింద నేల నాలుగేళ్లపాటు తనని తాను ఇంకో దేశం అనుకుంది.

స్కూల్లో మనకి చెప్పింది ఒక్క పేరా. ఉత్తరాది, దక్షిణాది కొట్టుకున్నాయి, లింకన్ గెలిచాడు, బానిసత్వం పోయింది. మ్యాప్‌లో పైన నీలం, కింద బూడిద రంగు, మధ్యలో ఒక గీత. ఎగ్జామ్‌లో రెండు మార్కులు. అయిపోయింది.

ఆ గీత మీద నాకు ఆసక్తి పుట్టింది ఆష్‌బర్న్‌లో. మూడు నెలలు ఆన్‌సైట్ వెళ్లినప్పుడు. డెవలపర్లకి ఆ ఏరియా వేరే పేరుతో తెలుసు: యూఎస్-ఈస్ట్-1. మనం క్లౌడ్ అని పైకి చూపించేదంతా అక్కడ కిటికీల్లేని పెద్ద పెద్ద గోడౌన్లలా నేల మీదే ఉంటుంది. శనివారం ఏం చేయాలో తోచక కారేసుకుని మనాసస్ యుద్ధభూమికి వెళ్లాం. 1861 జులై 21న ఆ అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు జరిగింది అక్కడే. దక్షిణాది వాళ్లు దాన్ని మనాసస్ యుద్ధం అంటారు, ఉత్తరాది వాళ్లు బుల్‌రన్ అంటారు. పేరు దగ్గర కూడా రాజీ లేదు. ఆ మైదానం పక్కన డేటా సెంటర్లు కట్టొచ్చా లేదా అని కోర్టుల దాకా వెళ్లి కొట్టుకున్నారు. అది వేరే కథ.

నన్ను ఆపింది ఇంకోటి. ఆష్‌బర్న్ ఉన్న జిల్లా పేరు లౌడన్ కౌంటీ. వర్జీనియా విడిపోయింది కాబట్టి లౌడన్ కూడా దక్షిణాదే కదా? కాదట. కౌంటీ ఉత్తర భాగంలో వాటర్‌ఫర్డ్ అనే ఊరు క్వేకర్లది, లవెట్స్‌విల్ జర్మన్ రైతులది. వాళ్లు విడిపోవడానికి ఒప్పుకోలేదు. ఆ ఊళ్ల కుర్రాళ్లు లౌడన్ రేంజర్స్ అని లింకన్ తరఫున దళం కట్టారు. అదే కౌంటీలో మాజ్బీ అనే ఆయన దళం దక్షిణాది తరఫున రాత్రిపూట దాడులు చేసేది. పక్క పక్క ఊళ్లు, ఒకే సంత, రెండు సైన్యాలు. వర్జీనియా తేల్చుకుంది కానీ లౌడన్ తేల్చుకోలేదన్నమాట.

మరి ‘రాష్ట్రం తేల్చుకుంది’ అంటే ఎవరు తేల్చుకున్నట్టు?

అన్నిటికంటే ముందు వెళ్లింది సౌత్ కరొలైనా. 1860 నవంబర్‌లో లింకన్ గెలిచాడు. దేశం మొత్తం మీద ఆయనకి పడ్డవి 40 శాతం ఓట్లు. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో ఆయన పేరు మీద బ్యాలెట్టే లేదు. బానిసత్వం ఉన్నచోట ముట్టుకోను, కొత్త ప్రాంతాలకి మాత్రం పాకనివ్వను అన్నదే ఆయన మాట. అది చాలు వాళ్లకి. డిసెంబర్ 20న సౌత్ కరొలైనా ప్రత్యేక సభ ఓటేసింది. విడిపోదాం: 169. వద్దు: సున్నా.

169-0 అంటే ఎంత ఏకగ్రీవం అనిపిస్తుంది కదా. ఆ రాష్ట్ర జనాభాలో అప్పుడు 57 శాతం మంది బానిసలు. సగానికి పైగా మనుషుల్ని గది బయట నిలబెట్టి, లోపల అందరూ చేతులెత్తారు. ఎవరి గురించి ఓటింగో వాళ్లకి మాత్రం ఓటు లేదు.

వరస చూడండి. సౌత్ కరొలైనా తర్వాత మిసిసిపి, అక్కడ 55 శాతం బానిసలు. తర్వాత ఫ్లోరిడా, అలబామా, జార్జియా, లూసియానా, ఇవన్నీ 44 నుంచి 47 శాతం మధ్య. ఫిబ్రవరి 1న టెక్సాస్, 30 శాతం. ఈ ఏడూ కలిసి అలబామాలోని మాంట్‌గమరీలో కాన్ఫెడరసీ అని కొత్త దేశం ప్రకటించుకుని జెఫర్సన్ డేవిస్‌ని ప్రెసిడెంటుని చేసుకున్నాయి. వర్జీనియా, నార్త్ కరొలైనా, టెనెసీ, ఆర్కన్సా దగ్గర ఆ శాతం 25 నుంచి 33. అవి ఆగి చూశాయి. కెంటకీ 20, మేరీలాండ్ 13, మిస్సోరీ 10, డెలావేర్ రెండు కూడా లేదు. ఈ నాలుగూ అసలు వెళ్లనేలేదు. ఎక్సెల్‌లో ఒక కాలమ్ సార్ట్ చేస్తే అంతర్యుద్ధం మ్యాప్ దాదాపు దానంతటదే వచ్చేస్తుంది.

ఎవరైనా ‘అది బానిసత్వం గురించి కాదు బ్రో, రాష్ట్రాల హక్కుల గురించి’ అంటే (యూట్యూబ్‌లో ఒకడు ఎప్పుడూ ఉంటాడు), వాళ్లే రాసుకున్న కాగితాలు చూపించండి. మా నిర్ణయం బానిసత్వంతో ముడిపడి ఉంది అని మిసిసిపి తన ప్రకటన మొదట్లోనే ఒప్పుకుంది. నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే మా కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని కాన్ఫెడరసీ వైస్ ప్రెసిడెంట్ అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా ఊళ్లో నిండుసభలో చెప్పాడు. పైగా సౌత్ కరొలైనా ఫిర్యాదుల్లో ఒకటేంటంటే, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టి అప్పగించడం లేదని. అంటే ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు వాడుకుంటున్నాయని కోపం! రాష్ట్రాల హక్కులు అవతలివాడికి ఉండకూడదన్నమాట.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ల కోసం ఒక ముచ్చట. హ్యూస్టన్ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ శామ్ హ్యూస్టన్ అప్పుడు టెక్సాస్ గవర్నర్. గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, అక్కడ సీఎం లాంటి పదవి. మెక్సికో నుంచి టెక్సాస్‌ని గెలిచిన సైన్యాధిపతి ఆయనే, ఆ తర్వాత టెక్సాస్ విడి దేశంగా ఉన్నప్పుడు దాని ప్రెసిడెంటూ ఆయనే. బానిసలున్న యజమాని కూడా. ఉద్యమకారుడేం కాదు. అయినా విడిపోవద్దు, ఓడిపోతాం, సర్వనాశనం అవుతాం అని ఊరూరా తిరిగి చెప్పాడు. జనం వినలేదు; రిఫరెండంలో సుమారు 46 వేల ఓట్లు విడిపోదామనే పడ్డాయి, వద్దని 15 వేలు. కాన్ఫెడరసీకి విధేయుడిగా ప్రమాణం చేయమన్నారు. చేయనన్నాడు. కుర్చీ ఖాళీ అయిందని ప్రకటించి లెఫ్టినెంట్ గవర్నర్‌ని కూర్చోబెట్టారు. యుద్ధం ముగియకముందే, 1863లో ఆయన పోయాడు.

అసలు ఉత్కంఠ రెండో బ్యాచ్ దగ్గర. వర్జీనియా సభ 1861 ఏప్రిల్ 4న విడిపోవాలా అని ఓటేసి, పెద్ద తేడాతో వద్దంది. 13 రోజుల తర్వాత, ఏప్రిల్ 17న అదే సభ, అదే మనుషులు, 88-55తో సరే అన్నారు. మధ్యలో ఏమైంది? ఏప్రిల్ 12న చార్ల్స్‌టన్ రేవులో ఉన్న ఫోర్ట్ సమ్టర్ మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. 15న లింకన్ 75 వేలమంది సైనికుల్ని పంపమని అన్ని రాష్ట్రాలనీ అడిగాడు. అప్పటిదాకా ప్రశ్న ‘ఉందామా, పోదామా’. ఆ రోజు నుంచి ప్రశ్న ‘ఎవరి మీద తుపాకీ ఎత్తుదాం’. మధ్యలో నిలబడ్డవాళ్లకి నిలబడే చోటు లేకుండా పోయింది.

నార్త్ కరొలైనా ఇంకా విచిత్రం. ఫిబ్రవరిలో అక్కడి ఓటర్లు విడిపోవడం గురించి చర్చించడానికి అసలు సభే పెట్టొద్దన్నారు, దాదాపు 650 ఓట్ల తేడాతో. మే 20కి రాష్ట్రం బయట ఉంది. షార్లెట్‌లో ఒక మాదిరి అపార్ట్‌మెంట్ గేటెడ్ కమ్యూనిటీలో 650 ఓట్లుంటాయి.

ఆర్కన్సాలో మే 6న ఓటింగ్. అయిదుగురు తప్ప అందరూ విడిపోదామన్నారు. ఏకగ్రీవం చేద్దాం, మార్చుకోండి అని అధ్యక్షుడు అడిగితే నలుగురు మార్చుకున్నారు. ఐజాక్ మర్ఫీ అనే ఒకే ఒక్కాయన మార్చుకోలేదు. చివరి లెక్క 69-1. గ్రూపులో అందరూ థంబ్స్‌అప్ పెట్టాక ఒక్కడే ‘నేను ఒప్పుకోను’ అని టైప్ చేయడం ఎంత కష్టమో మనకి తెలుసు. ఇక్కడ బయట గుంపు, లోపల తుపాకులున్న కాలం. మూడేళ్ల తర్వాత, 1864లో యూనియన్ పక్షాన ఏర్పడ్డ ఆర్కన్సా ప్రభుత్వానికి గవర్నర్ అయింది ఆ మర్ఫీనే.

టెనెసీ జూన్‌లో వెళ్లింది. తూర్పు టెనెసీ కొండ ప్రాంతం మాత్రం రెండింతల ఓట్లతో వద్దంది, మమ్మల్ని వేరే రాష్ట్రం చేయండి అని అర్జీ కూడా పెట్టుకుంది. జవాబుగా కాన్ఫెడరసీ సైన్యం వచ్చి కూర్చుంది. అక్కడి సెనేటర్ ఆండ్రూ జాన్సన్ ఒక్కడే విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లలో సీటు వదలకుండా వాషింగ్టన్‌లో ఉండిపోయాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఇప్పుడు ఎటూ కాని వాళ్లు. కెంటకీకి రెండు పక్కలా చుట్టాలే. లింకన్ పుట్టిందీ కెంటకీలోనే, అవతలి ప్రెసిడెంట్ జెఫర్సన్ డేవిస్ పుట్టిందీ కెంటకీలోనే, ఏడాది లోపు తేడాతో. మేము న్యూట్రల్ అని ఆ రాష్ట్రం మే నెలలో ప్రకటించింది. ఒక దేశంలో అంతర్యుద్ధం జరుగుతుంటే అందులోని ఒక రాష్ట్రం ‘మమ్మల్ని ట్యాగ్ చేయకండి’ అనడం! అది నాలుగు నెలలు నడిచింది కూడా. సెప్టెంబర్‌లో కాన్ఫెడరసీ జనరల్ లియొనిడస్ పోక్ (ఈయన చర్చిలో బిషప్ కూడా) తొందరపడి కెంటకీలోని కొలంబస్ అనే ఊరిని ఆక్రమించాడు. మా గడప తొక్కింది వాళ్లు కాబట్టి మేము వీళ్ల పక్కన అని శాసనసభ లింకన్ వైపు తిరిగింది. కాన్ఫెడరసీ జెండా మీద మాత్రం కెంటకీకి, మిస్సోరీకి నక్షత్రాలు ఉండిపోయాయి. వెళ్లింది 11 రాష్ట్రాలు, జెండా మీద నక్షత్రాలు 13.

మేరీలాండ్‌కి అంత స్వేచ్ఛ దొరకలేదు. వాషింగ్టన్ డీసీకి ఒక పక్క వర్జీనియా, మిగతా పక్కలంతా మేరీలాండ్. అది కూడా పోతే రాజధాని శత్రుదేశం మధ్యలో చిక్కుకుంటుంది. ఏప్రిల్ 19న బాల్టిమోర్ వీధుల్లో యూనియన్ సైనికుల మీద జనం తిరగబడ్డారు, ఇరుపక్కలా మనుషులు చచ్చిపోయారు. లింకన్ హెబియస్ కార్పస్ ఆపేశాడు, అంటే ఎందుకు పట్టుకెళ్లారో కోర్టుకి చెప్పక్కర్లేదు. సెప్టెంబర్‌లో ఏకంగా శాసనసభ్యుల్నే అరెస్టు చేశారు. మేరీలాండ్ యూనియన్ వైపు ఉంది అని పుస్తకాలు రాస్తాయి. నిజమే. శాసనసభ కూడా విడిపోవడానికి ఒప్పుకోలేదు. కాకపోతే తుపాకీ నీడలో ఉంది అని కూడా రాయాలి. లింకన్ నాకు ఇష్టం, అయినా ఆ పేజీ దాటేయలేను.

అన్నిట్లో నాకు బాగా నచ్చిన కథ వెస్ట్ వర్జీనియాది. ఇది రాజకీయం కంటే ఎవడో తెలివైన డెవలపర్ కనిపెట్టిన వర్కరౌండ్‌లా ఉంటుంది.

వర్జీనియా పడమటి భాగం కొండలు. పెద్ద తోటలు లేవు, బానిసలు తక్కువ, వ్యాపారమంతా ఒహాయో, పెన్సిల్వేనియాతో. మా భూములకీ గొడ్లకీ పూర్తి పన్ను, తూర్పు జమీందార్ల బానిసల మీద మాత్రం రాయితీనా అని ఎప్పటినుంచో కడుపుమంట. వర్జీనియా వెళ్లిపోగానే వాళ్లు వీలింగ్ అనే ఊళ్లో కూర్చుని, మేము వెళ్లం అన్నారు. అయితే చిక్కొకటి ఉంది. ఒక రాష్ట్రాన్ని చీల్చి ఇంకోటి చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి అని అమెరికా రాజ్యాంగం చెప్తుంది. రిచ్మండ్‌లో ఉన్న వర్జీనియా ప్రభుత్వం ఎందుకు ఒప్పుకుంటుంది?

అందుకని వీలింగ్ వాళ్లు ఏం చేశారంటే: రిచ్మండ్ వాళ్లు దేశద్రోహులు, వాళ్ల పదవులు చెల్లవు, అసలైన వర్జీనియా ప్రభుత్వం మేమే అని ప్రకటించుకున్నారు. ఫ్రాన్సిస్ పియర్పాంట్ అనే ఆయన్ని వర్జీనియా గవర్నర్‌ని చేశారు. వాషింగ్టన్ గుర్తించింది. ఇప్పుడు ఆ ‘వర్జీనియా’, తనలోంచి తాను విడిపోవడానికి తనకి తానే అనుమతి ఇచ్చుకుంది. విడిపోవడం తప్పని యుద్ధం చేస్తున్న లింకన్ ఈ విడిపోవడం మీద సంతకం పెట్టాడు. రాజ్యాంగానికి వ్యతిరేకంగా విడిపోవడం వేరు, రాజ్యాంగం కోసం విడిపోవడం వేరు అని సమాధానం చెప్పుకున్నాడు. మెల్లగా బానిసత్వం తీసేయాలన్న షరతుతో, 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా 35వ రాష్ట్రమైంది. అందులో కలిపేసిన చాలా కౌంటీలు నిజానికి కాన్ఫెడరసీ వైపు ఓటేసినవే. వాళ్లని మళ్లీ సరిగ్గా అడిగిందీ లేదు.

చీలాక పాత వర్జీనియా అప్పులో మీ వాటా ఎంత అని పేచీ మొదలైంది. సుప్రీంకోర్టు 1915లో సుమారు 1.24 కోట్ల డాలర్లు కట్టమంది. వెస్ట్ వర్జీనియా కట్టి వదిలించుకునేసరికి 1939 అయింది. అంటే 76 ఏళ్లు. ఇది చదువుతూ మీకేం గుర్తొస్తోందో నాకు తెలుసు. నాకూ అదే గుర్తొచ్చింది. ఇక్కడితో ఆపేద్దాం.

ఇంతవరకూ చెప్పిన ఓట్లన్నీ ఓటున్న తెల్ల మగవాళ్లవి. 1860 లెక్కల్లో దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు. వాళ్లని ఏ సభా పిలవలేదు. వాళ్లు ఏ పక్షమో వాళ్లే తేల్చుకున్నారు, కాళ్లతో.

మే 23న వర్జీనియాలో విడిపోవడం మీద ప్రజల ఓటింగ్. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవ వేసుకుని యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకి చేరారు. మర్నాడు యజమాని మనిషి వచ్చి, పారిపోయిన బానిసల్ని అప్పగించాలని చట్టముంది కదా, ఇచ్చేయండి అన్నాడు. కోటలో ఉన్న జనరల్ బెంజమిన్ బట్లర్ స్వతహాగా లాయర్. ఆ చట్టం అమెరికాలో కదా, మీరు నిన్ననే వేరే దేశం అయ్యారు కదా అన్నాడు! శత్రువు ఆస్తిగా స్వాధీనం చేసుకుంటున్నా అని ముగ్గుర్నీ ఉంచేసుకున్నాడు. మనుషుల్ని ఆస్తి అనడం ఘోరమే, కానీ ఆ మాట అడ్డుపెట్టుకునే తలుపు తెరుచుకుంది. కబురు పాకింది. రోజుల్లో గుంపులు గుంపులుగా రావడం మొదలైంది.

తర్వాతి ఏడాది మే 13 తెల్లవారుజామున చార్ల్స్‌టన్ రేవులో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస నావికుడు, తెల్ల ఆఫీసర్లు ఒడ్డున పడుకున్న సమయం చూసి, ప్లాంటర్ అనే కాన్ఫెడరసీ ఓడని నడుపుకుంటూ బయల్దేరాడు. దార్లో భార్యాపిల్లల్ని ఎక్కించుకున్నాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, ప్రతి కోట ముందూ సరైన కూత కూయించి, ఫోర్ట్ సమ్టర్ కూడా దాటేసి, తెల్లజెండా ఎత్తి ఓడని యూనియన్ నౌకాదళానికి అప్పగించాడు. 169-0 సౌత్ కరొలైనా మనిషే ఆయన. యుద్ధం అయ్యేలోపు 1,80,000 మంది దాకా నల్లజాతి సైనికులు యూనియన్ ఆర్మీలో పనిచేశారు. ‘దక్షిణాది కాన్ఫెడరసీ వైపు ఉంది’ అన్న వాక్యం రాసేటప్పుడు వీళ్లని ఎక్కడ కలుపుతాం?

1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో జనరల్ లీ లొంగిపోయాడు. అయిదు రోజులకి లింకన్‌ని కాల్చారు. వైస్ ప్రెసిడెంటుగా ఉన్నది ఎవరంటే, ఇందాక గుర్తుంచుకోమన్న టెనెసీ ఆండ్రూ జాన్సన్.

ఇక తిరిగి రావడం. ఇక్కడ అందరూ ప్లేట్ ఫిరాయించారు. నాలుగేళ్లు ‘మేము వెళ్లిపోయాం, మాది వేరే దేశం’ అన్న దక్షిణాది నాయకులు, ‘మేము ఎప్పుడూ లోపలే ఉన్నాం, మా సీట్లు మాకివ్వండి’ అన్నారు. ‘ఎవరూ బయటికి పోలేరు’ అని యుద్ధం చేసిన ఉత్తరాది వాళ్లు, ‘మీరు బయటే ఉన్నారు, షరతులు ఒప్పుకుంటే రానిస్తాం’ అన్నారు. 1869లో టెక్సాస్ ప్రభుత్వ బాండ్ల కేసులో సుప్రీంకోర్టు, టెక్సాస్ చట్టప్రకారం ఒక్కరోజు కూడా యూనియన్ బయట లేదు అని తీర్పిచ్చింది. ఆ తీర్పు రోజున అమెరికా కాంగ్రెస్‌లో టెక్సాస్ సభ్యుడు ఒక్కడూ లేడు, రానివ్వలేదు కాబట్టి.

జాన్సన్ దారి సులువు. క్షమాభిక్షలు ధారాళంగా ఇచ్చాడు. కొన్ని నెలల్లోనే పాత నాయకులు మళ్లీ కుర్చీల్లో. బానిసలు అన్న మాట తీసేసి, పని ఒప్పందం చేతిలో లేని నల్లవాడిని దిమ్మరి అని పట్టుకుని జరిమానా వేసి, ఆ జరిమానా కింద కూలికి పంపే చట్టాలు చేశారు. జార్జియా అయితే 1866లో అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ని, అదే పునాదిరాయి ఉపన్యాసం ఇచ్చినాయన్ని, సెనేటర్‌గా ఎన్నుకుని వాషింగ్టన్ పంపింది. కాంగ్రెస్ తలుపు వేసేసింది.

తర్వాత కాంగ్రెస్ 14వ సవరణ ముందు పెట్టింది. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ చట్టాల కిందికి వచ్చేవాళ్లు ఎవరైనా పౌరులే. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ. టెనెసీ ఒప్పుకుని 1866 జులైలో లోపలికొచ్చేసింది. మిగతా పది రాష్ట్రాలూ తిప్పికొట్టాయి. సరే అయితే అని 1867 మార్చిలో ఆ పదింటినీ అయిదు సైనిక జిల్లాలుగా చేసి షరతులు పెట్టారు: నల్లజాతి మగవాళ్లకి కూడా ఓటిచ్చి కొత్త సభని ఎన్నుకోండి, కొత్త రాజ్యాంగం రాసుకోండి, 14వ సవరణ ఆమోదించండి, అప్పుడు రండి.

7 లక్షలకు పైగా నల్లజాతి ఓటర్లు పేర్లు రాయించుకున్నారు. సౌత్ కరొలైనాలో 1868లో మళ్లీ సభ కూర్చుంది. ఎనిమిదేళ్ల కిందట 169-0 అన్న రాష్ట్రం. ఈసారి సభ్యుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, అందులో ఓడ తెచ్చిన రాబర్ట్ స్మాల్స్ ఒకడు. రాష్ట్రం రెండోసారి నిర్ణయం తీసుకుంది, ఈసారి బయట నిలబెట్టిన వాళ్లని లోపలికి పిలిచి.

1868 వేసవిలో ఆరేడు రాష్ట్రాలు వచ్చేశాయి. జార్జియా అలా వచ్చి, సెప్టెంబర్‌లో తన శాసనసభలోంచి నల్లజాతి సభ్యుల్ని గెంటేసింది. దాంతో దాన్ని మళ్లీ బయటికి నెట్టి, మళ్లీ సైన్యం కింద పెట్టి, 1870 జులైలో రెండోసారి రానిచ్చారు. వర్జీనియా, మిసిసిపి, టెక్సాస్ కూడా 1870లోనే. మిసిసిపి ఫిబ్రవరి 23న వచ్చింది. రెండు రోజులకి ఆ రాష్ట్రం తరఫున హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో ప్రమాణం చేశాడు, అమెరికా సెనేట్‌లో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. టెక్సాస్ వెళ్లడానికి పట్టింది కొన్ని వారాలు. తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు.

ఈ షరతులు మనకెందుకు అంటారా? డాలస్ హాస్పిటల్లో హెచ్1బీ తల్లిదండ్రులకి పుట్టిన పాపకి నీలం పాస్‌పోర్టు వస్తోందంటే అది 14వ సవరణ వల్లే. టెక్సాస్ మొదట తిప్పికొట్టి, లోపలికి రావడానికి వేరే దారి లేక ఒప్పుకున్న సవరణ అది. 2025 జనవరిలో, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో లేకపోతే పుట్టే పిల్లలకి పౌరసత్వం ఉండదని ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చినప్పుడు, కోర్టులు వెంటనే ఆపినా, మన గ్రూపుల్లో డ్యూ డేట్లు లెక్కపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1868 నాటి గొడవ వాళ్లకి చరిత్ర కాదు, అల్ట్రాసౌండ్ రిపోర్టు పక్కన పెట్టుకుని చదివే విషయం.

కలిసిన కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఉత్తరాది అలసిపోయింది. 1876 ఎన్నిక తేలక పేచీ పడింది. 1877లో హేస్ ప్రెసిడెంటయ్యాక సౌత్ కరొలైనా, లూసియానాల్లో ప్రభుత్వాలకి అండగా ఉన్న సైనికుల్ని వెనక్కి పిలిచేశాడు. మెల్లగా ఓటు మళ్లీ జారిపోయింది. మిసిసిపి 1890లో కొత్త రాజ్యాంగం రాసి, ఓటేయాలంటే పన్ను కట్టు, చదివి అర్థం చెప్పు అని మెలికలు పెట్టింది. మిగతావి కాపీ పేస్ట్. తెల్ల ఉత్తరాది, తెల్ల దక్షిణాది పాత సైనికులు చేతులు కలిపి ఫొటోలు దిగారు. ఆ కలయిక ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో ఆ ఫొటోల్లో కనపడదు. ఓటు హక్కుల చట్టం వచ్చేసరికి 1965.

ఇంకొక్క కాగితం మిగిలింది. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ 1865 డిసెంబర్‌లోనే అమల్లోకి వచ్చింది. యూనియన్ వైపు ఉన్న కెంటకీ, డెలావేర్ రెండూ దాన్ని అప్పుడు తిరస్కరించాయి. డెలావేర్ 1901లో, కెంటకీ 1976లో ఒప్పుకున్నాయి. మిసిసిపి 1995లో శాసనసభలో ఓటేసి ఆమోదించింది, కానీ ఆ కాగితాన్ని వాషింగ్టన్‌కి పంపడం మర్చిపోయింది. ఫామంతా నింపి సబ్మిట్ నొక్కనట్టు. 2012లో స్పీల్‌బర్గ్ ‘లింకన్’ సినిమా చూసి, మన రాష్ట్రం ఎప్పుడు ఒప్పుకుందో చూద్దాం అని వెతికి ఈ సంగతి బయటపెట్టింది మిసిసిపిలో పనిచేస్తున్న ఒక ప్రొఫెసర్. ఇండియా నుంచి వెళ్లి కొన్నేళ్ల కిందటే అక్కడి పౌరసత్వం తీసుకున్నాయన. ఆయన, ఇంకొకాయన కలిసి అధికారుల వెంటపడితే, కాగితం 2013 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో రికార్డయింది.